ఏడో నిమిషం దగ్గర చప్పుడు

శనివారం ఉదయం పదిన్నరకి, ఇంట్లో ఎవరూ లేని సమయం చూసుకుని, శ్యామ్‌సుందర్ తన కూతురు దియ చెల్లోని, అంటే ఛాతీ ఎత్తుండే పెద్ద వయోలిన్ లాంటి వాయిద్యాన్ని, హాల్లో కార్పెట్ మీద వెల్లకిలా పడుకోబెట్టి దాని పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి విన్నాడు.

అది డాక్టర్లు వాడే స్టెతస్కోపు కాదు. కొసన బిళ్ళ ఉండాల్సిన చోట జానెడు ఇనప పుల్ల ఉంటుంది. నడుస్తున్న ఇంజన్‌లో ఏ బేరింగ్ అరిగిందో కనిపెట్టడానికి మెకానిక్కులు వాడతారు. చెక్కకి గీత పడకుండా ఆ పుల్లకి పాత బనీను గుడ్డ చుట్టాడు. అంగుళం అంగుళం జరుపుతూ, రెండో చేత్తో తీగలు మీటుతూ విన్నాడు. తర్వాత అతుకులన్నిటినీ వేలి కణుపుతో తట్టుకుంటూ వచ్చాడు. చెక్క ఎక్కడైనా విచ్చుకుని ఉంటే అక్కడ మోత బోలుగా వస్తుంది. ఎక్కడా రాలేదు. చెల్లో నిక్షేపంగా ఉంది.

అదే అతనికి నచ్చలేదు.

పది రోజులుగా దియ గదిలోంచి, మూసిన తలుపు వెనకనుంచి, ఒక చప్పుడు వస్తోంది. వదులైన అద్దం ఫ్రేములో వణికినట్టు సన్నగా, పొడిగా, జిరజిరమని. ఎప్పుడూ ఒకేచోట వస్తుంది. వాయించడం మొదలుపెట్టిన ఆరు నిమిషాల నలభై సెకన్లకి మొదలవుతుంది, ముప్ఫై ఒక్క సెకన్లు ఉంటుంది, పోతుంది. శ్యామ్‌సుందర్ మెట్ల మీద నిలబడి మూడుసార్లు టైము చూశాడు. ఒక సెకను అటూ ఇటూ తప్ప తేడా లేదు. కారణం దొరకని చప్పుడంటే అతనికి మొదటినుంచీ పడదు. కారణం దొరికిన చప్పుడుకి ఒక స్క్రూ సరిపోతుంది. దొరకనిదాని వెనక ఎప్పుడూ ఎవరో ఏదో దాస్తున్నారని అతని అనుభవం.

చెల్లో పెట్టెని తిరగేశాడు. పక్కన బెత్తెడు పొడుగున గీత ఉంది. కొత్తదో పాతదో చెప్పలేకపోయాడు. లోపలి అరలో కమానుకి రాసే రోజిన్ బిళ్ళ, పెన్సిలు, వాటి అడుగున నాలుగు గ్రోసరీ రసీదులు కనిపించాయి. గ్రాండ్ రివర్ రోడ్డు మీది ఇండియన్ స్టోరువే. గోంగూర, ఇడ్లీ రవ్వ, కంది పప్పు. తను తెచ్చిన సరుకులే. ఆ రసీదుల్ని ఎవరో పొడుగ్గా, సన్నగా, ఒకే కొలతకి మడిచి రబ్బర్ బ్యాండ్ వేసి దాచారు. పదిహేడేళ్ల పిల్లకి గోంగూర రసీదుతో ఏం పని? ఫోన్ తీసి వాటికి ఫొటో తీశాడు. మళ్లీ ఎలా ఉన్నవి అలా పెట్టేశాడు.

మధ్యాహ్నం దియ వచ్చింది. బూట్ల మంచు దులుపుకుంటుండగానే అడిగాడు.

"చెల్లో ఎక్కడైనా తగిలిందా?"

"నో."

"కింద పడిందా? పార్కింగ్ లాట్‌లో ఐస్ ఉంది కదా."

"నో, నాన్నా. ఎందుకు?"

"మరి మధ్యలో ఆ చప్పుడేంటి?"

"అది అలాగే ఉండాలి," అని దియ ఫ్రిజ్ తలుపు తీసింది.

దానితో అతని అనుమానం ఖాయమైపోయింది. ఆ మాట అతను ఇరవై ఆరేళ్లుగా వింటున్నాడు.

యాభై ఒక్కేళ్ల శ్యామ్‌సుందర్‌ది చప్పుళ్లు పట్టుకునే ఉద్యోగం. మిషిగన్ రాష్ట్రంలోని నోవైలో కార్లకి సీట్లూ డాష్‌బోర్డులూ చేసే కంపెనీలో పని. కొత్త మోడల్ బజారులోకి రాకముందు దాన్ని గతుకుల రోడ్డు మీద తిప్పుతారు. అతను వెనక సీట్లో కళ్ళు మూసుకుని కూర్చుంటాడు. కిర్రుమన్నది సీటు కింది స్ప్రింగా, టకటకమన్నది తలుపులోని క్లిప్పా అని చెప్పాలి. చెప్తాడు. అప్పుడు ఆ క్లిప్పు చేసిన సప్లయర్‌కి ఫోన్ వెళ్తుంది. సప్లయర్ మొట్టమొదట అనే మాట ఒకటే: అది ఆ బండి లక్షణం, అది అలాగే ఉండాలి. ఆ మాట అన్నవాళ్లలో తప్పు చేయనివాడు శ్యామ్‌సుందర్‌కి ఇంతవరకూ తగల్లేదు.

చెవి తండ్రినుంచి వచ్చింది. ఆయన కొత్తగూడెం ఆర్టీసీ డిపోలో మెకానిక్. సాయంత్రం గేటు దగ్గర నిలబడి, లోపలికి వస్తున్న బస్సు చప్పుడు విని, డ్రైవర్ దిగేలోపే ఏం రిపేరు చేయాలో జాబ్ కార్డు రాసేసేవాడు. బండికి ఏమీ లేదన్న డ్రైవర్‌తో వాదించేవాడు కాదు. కార్డు మాత్రం చింపేవాడు కాదు. కొడుకు వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివి, పుణేలో కార్ల టెస్టు ట్రాకు మీద కొన్నేళ్లు తిరిగి, 2007లో మిషిగన్ వచ్చాడు. మరుసటి ఏడాది దియ పుట్టింది. అతని కారు ఎక్కినవాళ్లు ఒక విషయం గమనిస్తారు. లోపల ఏ చప్పుడూ ఉండదు. పదకొండేళ్ల పాత బండి అది. గ్లవ్ బాక్సులో చిల్లర కూడా గుడ్డ సంచీలో ఉంటుంది.

ఇలాంటి మనిషి ఇంట్లోకి స్విట్జర్లాండ్ సంగీతం వచ్చి పడింది.

తెచ్చింది కరెన్ లిండ్‌క్విస్ట్. అరవై ఎనిమిదేళ్ల మనిషి, ఆర్కెస్ట్రాలో వయోలా, వయోలిన్ కంటే కాస్త పెద్ద వాయిద్యం, వాయించి రిటైరైంది. దియతో కలిపి నలుగురు పిల్లల తీగవాయిద్యాల జట్టుకి, అంటే స్ట్రింగ్ క్వార్టెట్‌కి, నాలుగేళ్లుగా నేర్పిస్తోంది. వెర్మాంట్‌లో వేసవిలో రెండు వారాల మ్యూజిక్ అకాడమీ ఒకటి జరుగుతుంది. దేశం మొత్తం మీద ఎనిమిది విద్యార్థి క్వార్టెట్లనే తీసుకుంటారు. ఈ ఏడాది అక్కడ వాయించేదంతా ఇప్పుడు స్విట్జర్లాండ్‌లో రాస్తున్నవాళ్ల ఛాంబర్ మ్యూజిక్కే, అంటే కొద్దిమందే కలిసి వాయించే సంగీతమే. రాసినవాళ్లే వచ్చి పిల్లలతో కూర్చుంటారు. పంపాల్సిన రికార్డింగ్‌కి దియవాళ్లు ఎంచుకున్నది బెర్న్‌లో ఉండే మార్లీస్ టానర్ అనే ఆవిడ నాలుగు వాయిద్యాలకి రాసిన పన్నెండు నిమిషాల రచన. ఎంపిక చేసేవాళ్లలో ఆ టానర్ కూడా ఉంది.

దియ ఇది ఎంత కావాలనుకుంటోందో ఇంట్లో అందరికీ తెలుసు. ఆగస్టులో ఆ నలుగురూ నాలుగు రాష్ట్రాల్లో నాలుగు కాలేజీలకి పోతున్నారు. వెర్మాంట్ వస్తే రెండు వారాలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కలిసి వాయిస్తారు. రాకపోతే ఆ క్వార్టెట్ స్కూలు ముగిసే మే నెలతో సరి. కాలేజీ అడ్మిషన్ వచ్చిన రోజు కూడా కేకు అడగని పిల్ల, ఈ ఒక్కదాని కోసం వంటింటి క్యాలెండర్‌లో అకాడమీ మొదలయ్యే తేదీకి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది.

ఆ నలుగురు పిల్లల తల్లిదండ్రులకి లిండ్‌క్విస్ట్, టానర్‌ది కాకుండా, వేరే మూడు స్విస్ రికార్డింగుల లింకులు పంపింది. మిగతా తల్లిదండ్రులు వాటికి బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నారు. శ్యామ్‌సుందర్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మూడూ చివరిదాకా విన్నాడు. ఒకదాంట్లో క్లారినెట్ మనిషి స్వరం పలికించకుండా ఊపిరే వదిలాడు. ఒకదాంట్లో పియానో తీగల మధ్య ఏవో గుడ్డముక్కలు దూర్చారు. మూడోదాంట్లో రెండు వయోలిన్లు ఒకే స్వరం మీద తొమ్మిది నిమిషాలు నిలబడ్డాయి. ఇది అయ్యాక అసలు పాట మొదలవుతుందేమో అని చూశాడు. చప్పట్లు వినిపించాయి.

స్విట్జర్లాండ్ మీద అతనికి చెడ్డ అభిప్రాయం లేదు. ల్యాబులో అతను రోజూ వాడే కొలత పరికరాల్లో రెండు అక్కడివే. వాటిని అతను ఏనాడూ అనుమానించలేదు. ఆ దేశం మనుషులు ఇలా చేస్తున్నారంటే రెండే కారణాలు ఉండాలి. వాళ్లు వినేవాళ్లని ఆటపట్టిస్తున్నారు. లేదా, తప్పు వాయించినా ఎవరికీ తెలియదన్న ధైర్యంతో లిండ్‌క్విస్ట్ ఈ సంగీతం ఏరి తెచ్చింది.

"అయినా మీకెందుకండీ?" అంది భార్య త్రివేణి. హాస్పిటల్ ఫార్మసీలో పనిచేస్తుంది, కాకినాడ అమ్మాయి. "దానికి నచ్చింది. వాయించుకుంటోంది."

"నచ్చడం వేరు. చెల్లో పగిలింది, నాకు తెలిస్తే తిడతానని దాస్తోంది."

"పగిలితే కనిపించదా?"

"కనిపించేవి ఎవరైనా పట్టుకుంటారు."

ఆదివారం మధ్యాహ్నం రికార్డింగ్. లిండ్‌క్విస్ట్‌కి తెలిసిన లూథరన్ చర్చి ఖాళీగా దొరికింది. మైకులూ రికార్డరూ శ్యామ్‌సుందర్‌వే, సొంతవి. గంట ముందే వెళ్లి హీటర్ ఆపించాడు. మూడో వరసలో బల్ల కిర్రుమంటోందని దాని కాలికింద అట్టముక్క పెట్టాడు. కిటికీ అద్దాలన్నీ తట్టి చూసి, వెనక వరసలో లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. పిల్లలు వేళ్ళు రుద్దుకుంటూ వచ్చి కూర్చున్నారు. ముగ్గురు అబ్బాయిలు, దియ.

ఆరు నిమిషాల నలభై సెకన్లకి హెడ్‌ఫోన్స్‌లో ఆ చప్పుడు వచ్చింది. అతని కళ్ళు స్క్రీన్ మీద ఉన్నాయి, దియ చేతుల మీద లేవు. స్క్రీన్ మీద శబ్దం రంగుల పటంలా పాకుతోంది. అందులో ఇసక చల్లినట్టు ఒక మచ్చ. అతను చటుక్కున లిండ్‌క్విస్ట్ వైపు చూశాడు. ఆవిడ కళ్ళు మూసుకుని తల ఊపుతోంది. చెవులు పోయాయేమో అనుకున్నాడు. ఆ వయసులో పై శ్రుతులు ముందు పోతాయి.

అయ్యాక ఆవిడని పక్కకి పిలిచి అడిగాడు. "ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. ఇందులో పిల్లలు తప్పు వాయిస్తే మీకెలా తెలుస్తుంది?"

"కారులో ఏది తప్పో మీకెలా తెలుస్తుంది?"

"ఉండకూడని చప్పుడు ఉంటుంది."

"నాకూ అంతే," అంది లిండ్‌క్విస్ట్. కోటు బొత్తాలు పెట్టుకుంటూ చెప్పింది. "రేపు మధ్యాహ్నం పన్నెండుకి గడువు. ఒకే టేకు, ఎడిటింగ్ కుదరదు. రికార్డు చేసినవాళ్లే అప్‌లోడ్ చేయాలట. మీరు చేస్తారుగా?"

సోమవారం మంచు బాగా పడింది. శ్యామ్‌సుందర్ ఇంట్లోంచే పని చేశాడు. పదింటికి ఒక మీటింగ్ రద్దయింది. ఫైలు తెరిచి ఏడో నిమిషం దగ్గరికి వెళ్లాడు.

వినేకొద్దీ అతనికి స్పష్టమైపోయింది. ఎంత బాగా వాయించినా, ఎంపిక చేసేవాళ్లు ఇక్కడికి రాగానే పగిలిన చెల్లో అని పక్కన పెట్టేస్తారు. దియ తప్పు దాచిపెట్టింది, ముసలావిడకి వినపడలేదు. ఇక మిగిలింది తను. రెండు టేకుల్ని అతికించడం ఎడిటింగ్. ఉన్న మచ్చని తుడవడం శుభ్రం చేయడం. ఆ రెండింటికీ తేడా అతనికి తెలుసుననుకున్నాడు. గంటా పది నిమిషాలు కూర్చున్నాడు. చెల్లో స్వరం చెక్కుచెదరకుండా, ఆ జిరజిరని మాత్రం పొర పొరగా ఒలిచి తీసేశాడు. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో అంత శుభ్రంగా ఏ చప్పుడూ తీయలేదు. ఎక్కడ తీశాడో అతనే మళ్లీ వెతుక్కుంటే దొరకలేదు.

తర్వాత ఫారం వచ్చింది. పేరు, చిరునామా, రికార్డు చేసిన తేదీ. చివర్లో ఒక ప్రశ్న. ఈ రికార్డింగ్‌లో ఏవైనా మార్పులు చేశారా? ఎస్, నో.

ఇక్కడ శ్యామ్‌సుందర్ చెయ్యి గురించి చెప్పాలి. పద్దెనిమిదేళ్లుగా ఆ చెయ్యి వీసా ఫారాలు నింపుతోంది. మొదటి కంపెనీ ఏడేళ్లు నాన్చితే, గ్రీన్‌కార్డు క్యూలో అతని తేదీ 2014 మార్చిలో పడింది. ఆ తేదీవాళ్ల వంతు ఇంకా రాలేదు. మూడేళ్లకోసారి పొడిగింపు, ప్రతిదానికీ ఫారం, ప్రతి ఫారంలోనూ పేజీల కొద్దీ ప్రశ్నలు. ఎప్పుడైనా ఇలా చేశారా, ఎప్పుడైనా అలా చేశారా. అన్నిటికీ జవాబు నో. ఒక్క ఎస్ పెడితే దానికి వివరణ, ఆ వివరణకి ఆధారాలు, ఆ ఆధారాలకి మళ్లీ ఉత్తరం. లాయరు మొదటి రోజే చెప్పింది, ఖాళీ వదలొద్దు, అడగనిది చెప్పొద్దు అని. ఇప్పుడు చివరి ప్రశ్న చూడగానే ఆ చెయ్యి నో మీద టిక్కు పెట్టేసింది. కింద పేరు టైపు చేసింది. పదకొండు ముప్ఫై ఎనిమిదికి ఫైలు వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఐదింటికి దియని స్కూల్ నుంచి తీసుకురావడానికి వెళ్లాడు. చెల్లోని వెనక సీట్లో బెల్టు పెట్టి కూర్చోబెట్టాక దియ అడిగింది.

"పంపావా? ప్లే చెయ్, వింటాను."

పార్కింగ్ లాట్‌లోనే పెట్టాడు. ఆ కారులో వినడమంటే చెవిలో వినడమే. దియ ముఖం విప్పారింది. "హే, వయోలా ఎంత బాగా వచ్చింది." నాలుగో నిమిషంలో వేళ్లతో మోకాలి మీద వాయించింది. ఏడో నిమిషం దగ్గర వేళ్లు ఆగిపోయాయి. ముందుకి వంగింది.

"నా పేపర్ ఏది?"

"ఏం పేపర్?"

"వెనక్కి పెట్టు."

పెట్టాడు. రెండు వయోలిన్లు, వయోలా. చిన్న చిన్న ముక్కలుగా, ఆగి ఆగి, అక్కడా ఇక్కడా తడుముతున్నాయి. చెల్లో ఒకటే స్వరం పట్టుకుని నున్నగా సాగుతోంది.

"నాన్నా, ఇక్కడ సౌండ్ ఉండాలి. నువ్వేం చేశావ్?"

"క్లీన్ చేశాను. నువ్వు భయపడతావని అడగలేదు. చెల్లోకి దెబ్బ తగిలితే తగిలింది, నేనేమీ అనను."

దియ బెల్టు విప్పుకుంది. వెనక్కి వంగి పెట్టె జిప్పు లాగి, రబ్బర్ బ్యాండ్ కట్ట తీసి, ఒక గోంగూర రసీదుని అతని కళ్ళముందు పట్టుకుంది.

"ఇది తీగల మధ్య పెడతాను. ఆ హాఫ్ మినిట్. ప్రింటర్ పేపర్ మందం, సౌండ్ రాదు. మిసెస్ లిండ్‌క్విస్ట్, నేను టెన్ పేపర్స్ ట్రై చేశాం. ఇండియన్ స్టోర్ రసీదే బెస్ట్. అది స్కోర్‌లో ఉంది, నాన్నా."

స్వరాలు అచ్చేసిన ఆ స్కోరు పుస్తకం తీసి డాష్‌బోర్డు మీద పరిచింది. ఐదో పేజీ. ఇంగ్లీషులో సన్నటి అక్షరాలు. శ్యామ్‌సుందర్ కళ్ళజోడు సర్దుకుని చదివాడు. చెల్లో తీగల మధ్య మడిచిన కాగితం పెట్టాలి. మిగతా ముగ్గురూ ఆ చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో వెతుకుతున్నట్టు వాయించాలి. వెతికినా వాళ్లకి దొరకకూడదు.

రెండోసారి చదివాడు.

"నువ్వు వర్క్‌లో ఏం చేస్తావో అది," అంది దియ. "ముగ్గురూ దాన్ని సర్చ్ చేస్తున్నారు. నువ్వు దాన్ని తీసేశావ్. ఇప్పుడు వాళ్లు దేనికోసం వెతుకుతున్నట్టు?"

"నాకు చెప్పొచ్చు కదా."

"చెప్పాను. అలాగే ఉండాలి అన్నాను. నువ్వు అడిగావు, కానీ నమ్మలేదు."

దియ స్కోరు మూసి పెట్టెలో పెట్టేసింది, అతను కారు ఇంటివైపు తిప్పాడు. కారులో ఏ చప్పుడూ లేదు.

త్రివేణి విషయం విని ముందు నవ్వింది. ఫారం సంగతి తెలిశాక నవ్వు ఆపింది.

"ఎనిమిదేళ్లు సంగీతం నేర్చుకున్నాను నేను. రోజూ తంబూరా తీగ కింద దారం పోగు పెట్టి, జీవం వచ్చేదాకా జరుపుతూ కూర్చునేవాళ్లం. ఆ జుమ్మనే మోత దారం వల్లే వస్తుంది. మీరు గానీ మా మాస్టారింటికి వచ్చుంటే, దారం పోగు అడ్డం పడిందని పీకి పారేసేవారు."

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"నన్ను అడిగారా? స్టెతస్కోపుని అడిగారు."

స్టెతస్కోపు సంగతి ఆమెకెలా తెలిసిందో అతనికి అర్థం కాలేదు. కార్పెట్ మీద బనీను గుడ్డ వదిలేసిన సంగతి మర్చిపోయాడు.

ఇప్పుడతన్ని పట్టుకున్నది సంగీతం కాదు, సంతకం. అబద్ధపు డిక్లరేషన్. పక్క క్యూబికల్ రాకేష్‌కి ఫోన్ చేశాడు. రాకేష్‌ది కరీంనగర్, వీసా విషయాల్లో ఆఫీసు మొత్తానికి పెద్దదిక్కు.

"ఏందన్నా, ఇమిగ్రేషనోళ్లు కూసోని నీ బిడ్డ చెల్లో ఇంటరా?" అన్నాడు రాకేష్.

"సంతకం సంతకమే కదా."

"ఊకో అన్నా. పంపినవ్, అయిపోయింది. అంత సాఫ్‌గ తీస్తివంటున్నవ్, ఎవనికి తెలుస్తది?"

ఫోన్ పెట్టేశాక అదే ఆలోచించాడు. నిజమే, తీసిన చోటు తనకే దొరకలేదు. కానీ వినేవాళ్లలో రాసిన మనిషి ఉంది. వదులైన అద్దం చప్పుడు కోసం మూడు వాయిద్యాల్ని వెతకడానికి పంపిన మనిషి. ఆవిడ ముందు ఆ మూడూ లేని చప్పుడు కోసం తడుముతుంటే, ఏమనుకుంటుంది? పిల్ల పేజీలోది వాయించలేక ఎగ్గొట్టింది అనుకుంటుంది. తండ్రి తీశాడనుకోదు. తప్పు దియ పేరు మీద పడుతుంది. మిగతా ముగ్గురు అబ్బాయిల పేర్లూ అదే ఫారం మీద ఉన్నాయి.

ఆ సాయంత్రం దియ గదిలోంచి చెల్లో వినిపించలేదు. మెట్ల మీద నిలబడి కాసేపు విన్నాడు. ఇంతకుముందు చప్పుడుకి కారణం వెతికాడు. ఇప్పుడు చప్పుడు లేకపోవడానికి కారణం వెతకాల్సిన పని లేదు.

కార్ల వ్యాపారంలో ఒక పద్ధతి ఉంది. తప్పు చేసిన సప్లయర్ ఎనిమిది మెట్ల రిపోర్టు రాసి పంపాలి. ఏం జరిగింది, ఎలా ఆపారు, మూల కారణం ఏమిటి, మళ్లీ జరగకుండా ఏం చేస్తారు. శ్యామ్‌సుందర్ ఇలాంటివి కొన్ని వందలు చదివి తిప్పికొట్టాడు. తను ఎప్పుడూ రాయలేదు. మంగళవారం ఉదయం ఆరున్నరకి కాఫీ పెట్టుకుని వంటింటి బల్ల మీద రాయడానికి కూర్చున్నాడు. మూల కారణం దగ్గర ఇలా రాశాడు: వాయిద్యంలో లోపం లేదు. వాయించినవారిలో లేదు. రచనలో లేదు. రికార్డు చేసిన వ్యక్తి, చప్పుడుకి కారణం వాయించినవారు చెప్పినా నమ్మకుండా, ఆరు నిమిషాల నలభై సెకన్ల నుంచి ఏడు నిమిషాల పదకొండు సెకన్ల వరకు దాన్ని తొలగించాడు. తొలగించలేదని సంతకం పెట్టాడు. ఫైలు పంపినప్పుడు నలుగురు విద్యార్థులకీ, టీచర్‌కీ ఈ విషయం తెలియదు. ఆదివారం నాటి అసలు ఫైలు జతచేస్తున్నాను.

మళ్లీ జరగకుండా తీసుకునే చర్య అన్న చోట ఆగిపోయాడు. సీరియల్ గిన్నెతో వచ్చిన దియ అతని భుజం మీదుగా చదివింది. లాప్‌టాప్ తనవైపు తిప్పుకుని ఒక్క చేత్తో టైపు చేసింది. ఇకపై రికార్డు చేసే వ్యక్తి హెడ్‌ఫోన్స్ లేకుండా, లాప్‌టాప్ మూసి, ముందు వరసలో కూర్చుంటాడు.

ఎనిమిదీ పదికి పంపాడు. లిండ్‌క్విస్ట్‌కి కూడా ఒక కాపీ. ఆవిడ పది నిమిషాల్లో ఫోన్ చేసింది. అబ్బాయిలతో తను మాట్లాడతానంది. తర్వాత, "నలభై ఏళ్లలో పిల్లల తల్లిదండ్రులు చేసిన తప్పులు చాలా చూశాను, ఇంత శ్రద్ధగా చేసిన తప్పు చూడలేదు," అని పెట్టేసింది. అది తిట్టో మెచ్చుకోలో అతను ఆ రోజంతా తేల్చుకోలేకపోయాడు.

తొమ్మిది రోజులకి జవాబు వచ్చింది. నాలుగు పంక్తులు. అసలు ఫైలు గడువుకి ముందే రికార్డు చేసినదని దానిలోని తేదీని బట్టి నిర్ధారించుకున్నామనీ, దాన్నే విన్నామనీ రాశారు. తప్పు డిక్లరేషన్ ఉన్న దరఖాస్తుని మొదటి ఎనిమిదిలో పెట్టడానికి నియమాలు ఒప్పుకోవనీ, వెయిటింగ్ లిస్టులో ఉంచామనీ, నంబరు మూడనీ రాశారు. టానర్ ఏమన్నదో రాయలేదు. శ్యామ్‌సుందర్ ఆ ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివాడు. నియమాలు ఒప్పుకోనప్పుడు లిస్టులో ఎందుకు పెట్టినట్టు? మూడే ఎందుకు? దీని వెనక ఏదో ఉందని త్రివేణితో అన్నాడు.

"ఉంది. వాళ్లకి నచ్చింది," అంది త్రివేణి.

ఆ జవాబు అతనికి తృప్తినివ్వలేదు.

దియ ఏడవలేదు, తిట్టలేదు. ఎర్ర సున్నా చుట్టిన తేదీ పక్కన మూడు అని రాసి, ఆదివారం రిహార్సల్‌కి వెళ్లింది. శ్యామ్‌సుందర్ చర్చిలో ముందు వరసలో కూర్చున్నాడు, చెవుల్లో ఏమీ లేకుండా. ఏడో నిమిషం దగ్గర దియ రెండు తీగల మధ్యకి రసీదు ముక్క దూర్చడం ఈసారి చూశాడు. చప్పుడు మొదలైంది. ముగ్గురు అబ్బాయిలూ దానికోసం ఒకరి తర్వాత ఒకరు వెతికారు. అతను కూడా తెలియకుండానే తల అటూ ఇటూ తిప్పాడు. చప్పుడు దియ దగ్గరే ఉందని తెలిసి కూడా, ఎందుకో అతని కళ్ళు మూడో వరస బల్ల వైపు పోయాయి. అట్టముక్క అలాగే ఉంది. ఈ సంగీతం మీద అతని అభిప్రాయం పెద్దగా మారలేదు. తొమ్మిది నిమిషాల ఒక్క స్వరం సంగతి ఇంకా తేలాల్సే ఉంది.

వెయిటింగ్ లిస్టుల విషయంలో మాత్రం ఆ ఇంట్లో అతన్ని మించిన అనుభవజ్ఞుడు లేడు. ఎనిమిది క్వార్టెట్లూ వస్తామో రామో మార్చి ఇరవైలోగా చెప్పాలి. అకాడమీ వాళ్ల పేజీలో లిస్టు ఎప్పటికప్పుడు మారుతుంది. అతను రోజూ ఉదయం కాఫీకి ముందు ఆ పేజీ, నెలకోసారి, గ్రీన్‌కార్డు క్యూ ఎంతవరకు కదిలిందో చెప్పే వీసా బులెటిన్ చూస్తున్నాడు. రెండోది ఈ నెల కదల్లేదు.

మొదటిదాంట్లో నిన్న ఉదయానికి దియవాళ్ల నంబరు రెండు.